పరివారం చెప్పిన రాజుల కథ

2015 జులై 14 తెల్లవారుజామునే రాజమండ్రి ఘాట్లలో జనం గోదావరిలోకి దిగారు. బృహస్పతి సింహరాశిలో అడుగుపెట్టాడు, పన్నెండు రోజుల పుష్కరాలు మొదలయ్యాయి. ఆ పొద్దున జరిగిన తొక్కిసలాట వల్ల ఆ తేదీ తెలుగువాళ్లకు విషాదంగానే గుర్తుండిపోయింది. అదే రోజు సాయంత్రం, మన గడియారంలో ఐదూ ఇరవై ప్రాంతంలో, న్యూ హొరైజన్స్ అనే నౌక ప్లూటో పక్కనుంచి దూసుకుపోయింది. తొమ్మిదిన్నరేళ్ల ప్రయాణం అది. దారిలో, 2007 ఫిబ్రవరిలో, ఆ నౌక బృహస్పతి దగ్గరికి వెళ్లి, ఆయన ఆకర్షణతో వేగం పెంచుకునే ముందుకు సాగింది. అంటే ఆ రోజు గోదావరిలో మునిగిన వాళ్లకూ, అమెరికాలో తెరల ముందు కూర్చున్న ఇంజనీర్లకూ ముహూర్తం పెట్టిన పురోహితుడు ఒకడే.

మనకు గ్రహాలతో పరిచయం పాతదే. సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి బృహస్పతికి పట్టే కాలం 11.86 ఏళ్లు, అందుకే పన్నెండేళ్లకో పుష్కరం. శనికి ఇరవై తొమ్మిదిన్నర. ఒక్కో రాశిలో రెండున్నరేళ్లు, మూడు రాశులు కలిస్తే ఏడున్నర, అదే ఏలినాటి శని. శనైశ్చరుడంటే మెల్లగా నడిచేవాడు. పేరులోనే లెక్క ఉంది. అయితే మన నవగ్రహాల్లో భూమి లేదు. సూర్యుడూ చంద్రుడూ ఉన్నారు. రాహుకేతువులు అసలు వస్తువులే కావు, చంద్రుడి దారి సూర్యుడి దారిని కోసే రెండు బిందువులు. గ్రహణాలు నీడల వల్లే వస్తాయనీ, చంద్రుడిది సొంత వెలుగు కాదనీ 499లోనే ఆర్యభటుడు రాసినా, ఆ జాబితాలో చంద్రుడి హోదా బృహస్పతి హోదాతో సమానంగానే ఉండిపోయింది. ఎవరి చుట్టూ ఎవరు తిరుగుతున్నారన్నది ఆ జాబితాకు అక్కర్లేని ప్రశ్న. ‘ఉపగ్రహం’ అనే మాట జ్యోతిషంలో ఉంది కానీ అక్కడ దానర్థం వేరు: గుళికుడు, మాంది లాంటి లెక్కల బిందువులు. ఆ పాత మాటనే తరవాతి వాళ్లు కొత్త పనిలో పెట్టారు.

‘ఉప’ అనే రెండక్షరాలు తగిలిస్తే మన దగ్గర ఎవరి విలువైనా కాస్త తగ్గుతుంది. ఉపసర్పంచిని అడగండి, చెప్తాడు. బడి పుస్తకాల్లో కూడా అంతే, గ్రహాలకు తలా ఒక పేజీ, ఉపగ్రహాలకు చివర్లో ఒక పట్టిక. నాలుగు వందల ఏళ్లు వెనక్కి తిరిగి చూస్తే మాత్రం నాకు ఇది తలకిందుల లెక్కనిపిస్తుంది. గ్రహాల బరువు చెప్పింది, వెలుతురు వేగం చెప్పింది, చివరికి భూమి కూడా ఒక గ్రహమేనని ఒప్పించింది ఎక్కువగా ఈ వెనకాల నడిచే పరివారమే.

1610 జనవరి 7 రాత్రి పాడువాలో గెలీలియో తన దుర్భిణిని బృహస్పతి వైపు తిప్పాడు. పక్కనే మూడు చిన్న చుక్కలు, తూర్పున రెండు, పడమట ఒకటి. నక్షత్రాలే అనుకున్నాడు. మర్నాడు చూస్తే మూడూ పడమటి వైపే ఉన్నాయి. 10వ తేదీన రెండే కనిపించాయి, అవీ తూర్పున. 13న నాలుగు. ఇవి బృహస్పతి చుట్టూ తిరుగుతున్నాయని అప్పటికి రూఢి అయింది. మార్చిలో వెనిస్‌లో పుస్తకం అచ్చయింది. రెండు నెలల్లో పరిశీలన, రచన, ముద్రణ, అన్నీ. ఈ కాలంలో కూడా ఒక పరిశోధన పత్రం అంత తొందరగా వెలుగు చూడదు.

ఆ నాలుగు చుక్కలూ కూల్చింది ఒక పాత అభ్యంతరాన్ని. భూమి కదిలితే చంద్రుడు వెనకబడిపోడా అని కోపర్నికస్ వాదాన్ని కాదనేవాళ్లు అడిగేవాళ్లు. బృహస్పతి కదులుతున్నాడన్న సంగతి అందరూ ఒప్పుకున్నదే. ఒకణ్ణి కాదు, నలుగుర్ని వెంటేసుకుని మరీ కదులుతున్నాడు. ఇక భూమి ఒక్క చంద్రుణ్ణి తీసుకుపోలేదా? భూమి కదులుతోందని దీంతో రుజువు కాలేదు కానీ, కదలడం అసాధ్యమన్న వాదనకు ఒక కాలు విరిగింది.

గెలీలియోకు లోకజ్ఞానం కూడా తక్కువేం కాదు. ఆ నాలుగింటికీ ఫ్లోరెన్సు పాలకులైన మెడిచీల పేరు పెట్టాడు, ఆ ఆస్థానంలో కొలువు సంపాదించాడు. మన ప్రబంధ కవులు కృతిభర్తను వెతుక్కున్నట్టే. ఆ పేరు నిలవలేదు. అయో, యూరోపా, గానిమీడ్, కలిస్టో అన్న పేర్లు 1614లో జర్మన్ ఖగోళవేత్త సైమన్ మారియస్ అచ్చు వేయించినవి. వాటిని తనకు సూచించింది కెప్లర్ అని ఆయనే చెప్పుకున్నాడు. వెంట నడిచే బంటు అనే అర్థంలో ఈ చుక్కలకు లాటిన్ మాట ‘సాటెలెస్’ వాడింది కూడా కెప్లరే. ఇవాళ మన ఇంటి మీది డిష్ యాంటెన్నా దాకా వచ్చిన ‘శాటిలైట్’ ఆ బంటే.

ఇక్కడే ఒక విడ్డూరం. 1612 డిసెంబరులో, 1613 జనవరిలో ఈ బంట్ల కదలికలు గీసుకుంటూ గెలీలియో వాటి పక్కన ఒక ‘నక్షత్రం’ కూడా గుర్తు పెట్టుకున్నాడు. అది నెప్ట్యూన్. ప్రపంచం దాన్ని కనిపెట్టడానికి ఇంకా 233 ఏళ్లుంది.

తరవాతి తరం ఈ నాలుగింటిని గడియారంగా మార్చుకుంది. అయో బృహస్పతిని 42 గంటల 28 నిమిషాలకోసారి చుట్టి వస్తుంది, ప్రతిసారీ ఆయన నీడలో మాయమై బయటికొస్తుంది. ఈ గ్రహణం భూమ్మీద ఏ ఊరి నుంచి చూసినా ఒకే క్షణంలో జరుగుతుంది. కాబట్టి రెండు ఊళ్ల స్థానిక కాలాల్లో తేడా చూస్తే రేఖాంశాల తేడా తెలిసిపోతుంది, గంటకు 15 డిగ్రీల చొప్పున. గెలీలియో ఈ ఉపాయాన్ని స్పెయిన్ రాజుకు అమ్మజూశాడు, ఆ తరవాత డచ్చివాళ్లకు. ఊగే ఓడ మీద నిలబడి దుర్భిణిలో అయోను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. నేల మీద మాత్రం పని చేసింది. 1668లో ఖగోళవేత్త కాసిని తయారుచేసిన పట్టికలు పట్టుకుని ఫ్రెంచి సర్వేయర్లు దేశాన్ని మళ్లీ కొలిస్తే, పడమటి తీరం పాత పటాల్లో ఉన్నదానికంటే లోపలికి జరిగింది. శత్రువుల కంటే నా సర్వేయర్లే నా రాజ్యాన్ని ఎక్కువ పోగొట్టారని పద్నాలుగో లూయీ వాపోయాడని చెప్తారు. అన్నాడో లేదో గానీ అనదగిన మాటే.

కాసిని పనిచేసిన పారిస్ వేధశాలలోనే ఓలే రోమర్ అనే డేనిష్ యువకుడికి ఈ గడియారం మీదే అనుమానం వచ్చింది. భూమి బృహస్పతికి దూరంగా జరిగే నెలల్లో అయో గ్రహణాలు ఆలస్యంగా వస్తున్నాయి, దగ్గరయ్యేటప్పుడు తొందరగా. 1676 నవంబరు 9న అయో నీడలోంచి బయటపడటం పది నిమిషాలు ఆలస్యమవుతుందని ముందే చెప్పాడు. అయింది. తప్పు అయోది కాదు, కబురు మోసుకొచ్చే వెలుతురుదే. అది కూడా దారి నడిచి రావాలి. భూకక్ష్య అడ్డకొలతను దాటడానికి వెలుతురుకు 22 నిమిషాలు పడుతుందని ఆయన లెక్క. అసలు సంఖ్య పదహారున్నర పైచిలుకు. తప్పిందే. కానీ వెలుతురుకు వేగం ఉందా లేదా అని అరిస్టాటిల్ నాటి నుంచీ సాగిన తగువు అక్కడితో తెగాల్సింది. ఆయన పైవాడైన కాసిని ఒప్పుకోలేదు; వెలుతురు తక్షణం చేరుతుందన్న నమ్మకాన్ని వదులుకోవడం చాలామందికి మరో యాభై ఏళ్లు కష్టమైంది.

కాసినిని ఊరికే తీసిపారేయలేం. శని చుట్టూ తిరిగేవాటిలో అన్నిటికంటే పెద్దదైన టైటాన్‌ను 1655లో హైగెన్స్ చూశాక, మరో నాలుగు పట్టుకున్నది కాసినే. వాటిలో 1671 నాటి అయాపిటస్ ఆయన్ను వింతగా వేధించింది. శనికి పడమట ఉన్నప్పుడు కనిపించేది, తూర్పుకు వెళ్లగానే మాయం. దానికి ఒక చెంప తెలుపు, ఇంకో చెంప నలుపు అయ్యుండాలనీ, చంద్రుడిలా ఎప్పుడూ ఒకే ముఖాన్ని యజమానికి చూపిస్తూ ఉండాలనీ ఊహించాడు. 1705లో గానీ మెరుగైన దుర్భిణితో దాన్ని తూర్పున చూడలేకపోయాడు. మూడు శతాబ్దాల తరవాత అక్కడికి వెళ్లిన నౌకకు ఆయన పేరే పెట్టారు. అది తీసిన చిత్రాల్లో అయాపిటస్ సగం బొగ్గు, సగం మంచు.

అదే కాసిని లేని చంద్రుణ్ణి కూడా చూశాడు. 1672లో, మళ్లీ 1686లో, శుక్రుడి పక్కన నెలవంకలా ఏదో ఉందని రాసుకున్నాడు. తరవాతి ఎనభై ఏళ్లలో ఇంకా చాలామంది చూశారు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ దానికి గణితవేత్త దలంబేర్ పేరు పెడదామంటే, ఆయన మర్యాదగా వద్దన్నాడు. ఒక శతాబ్దం గడిచాక దానికి నీత్ అనే ఈజిప్టు దేవత పేరు కూడా వచ్చింది. తీరా 1887లో బెల్జియం ఖగోళవేత్తలు పాత పరిశీలనలన్నీ ముందేసుకుని సరిచూస్తే, చాలావరకు దారిలో ఉన్న మామూలు నక్షత్రాలేనని తేలింది. శుక్రుడికి చంద్రుడు లేడు, బుధుడికీ లేడు. ఎవరికి పరివారం ఉంటుందో ఎవరికి ఉండదో ముందే అనుకుని వెతికితే కళ్లు కూడా వంత పాడతాయి.

కుజుడి విషయంలో ఊహ నిజమైంది, అదీ కాకతాళీయంగా. 1726లో జొనాథన్ స్విఫ్ట్ రాసిన గలివర్ కథలో లపూటా పండితులు కుజుడికి రెండు చంద్రుళ్లున్నారంటారు. నూట యాభై ఏళ్ల తరవాత, 1877 ఆగస్టులో, వాషింగ్టన్‌లో ఆసఫ్ హాల్ వెతుకుతూ వెతుకుతూ విసిగి ఇక మానేద్దామనుకుంటే, భార్య ఏంజెలీన్ మరో రాత్రి చూడమని పట్టుబట్టింది. వారం తిరక్కుండా రెండూ దొరికాయి, డైమోస్, ఫోబోస్. ఫోబోస్ మీద అతిపెద్ద గుంటకు ఆమె పుట్టింటి పేరు, స్టిక్నీ. ఫోబోస్ ఏడు గంటల నలభై నిమిషాల్లో కుజుణ్ణి చుట్టేస్తుంది, కుజుడి రోజు కంటే వేగంగా. అందుకని అక్కడ అది పడమట ఉదయించి తూర్పున అస్తమిస్తుంది. మెల్లగా దిగజారుతోంది కూడా, కొన్ని కోట్ల ఏళ్లలో ముక్కలైపోతుంది. ఆ దిగజారుడు లెక్క కుదరక సోవియట్ ఖగోళవేత్త ష్క్లోవ్‌స్కీ, అది లోపల డొల్ల అయ్యుండాలనీ ఎవరో కట్టిన కృత్రిమ ఉపగ్రహం కావచ్చనీ ఒక దశలో అన్నాడు! శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయల్దేరిన మన మంగళయాన్ 2020లో పంపిన ఫోటోలో అది గుంటలు పడ్డ బంగాళాదుంపలాగే ఉంది.

యురేనస్, నెప్ట్యూన్‌ల కథ అందరికీ తెలిసిందే: 1781 మార్చి 13న బాత్ పట్టణంలో సంగీతం మాస్టారు విలియం హెర్షెల్, 1846 సెప్టెంబరు 23న లెవెరియే లెక్క పట్టుకుని బెర్లిన్‌లో గాలే. నేను ఆగేది ఆ తరవాతి పదిహేడు రోజుల దగ్గర. అక్టోబరు 10న లివర్‌పూల్‌లో బీరు కాచి అమ్ముకునే విలియం లాసెల్ తాను సొంతంగా చేసుకున్న దుర్భిణిలో నెప్ట్యూన్ పక్కన ట్రైటన్‌ను చూశాడు. కొత్త గ్రహం బరువెంతో తేల్చడానికి అదే తక్కెడ అయింది. ఒక గ్రహాన్ని తూచాలంటే దాని చుట్టూ ఏదో ఒకటి తిరగాలి. ఎంత దూరంలో, ఎంత వేగంగా తిరుగుతోందో తెలిస్తే న్యూటన్ సూత్రం మిగతాది చెప్పేస్తుంది. చంద్రుడు లేని గ్రహాన్ని తూచడం పెద్ద తంటా.

ఈ తంటా పూర్తిగా పడ్డది ప్లూటో. 1930లో టాంబో దాన్ని కనిపెట్టినప్పుడు భూమంత బరువుంటుందనుకున్నారు. దశాబ్దాలు గడిచేకొద్దీ అంచనా తగ్గుతూ వచ్చింది. 1978 జూన్ 22న జేమ్స్ క్రిస్టీ ఫోటో ప్లేట్లు చూస్తుంటే, ప్లూటో బొమ్మకు ఒక పక్క చిన్న బుడిపె. ప్లేటు చెడిందేమో అనుకోదగ్గది. కానీ బుడిపె ఆరు రోజులకోసారి చుట్టూ తిరుగుతోంది! అదే కేరన్. దాంతో ప్లూటో బరువు తేలిపోయింది, భూమిలో దాదాపు ఐదు వందలో వంతు, మన చంద్రుడి కంటే కూడా తక్కువ. 2006లో ప్రాగ్‌లో జరిగిన ఓటింగులో ప్లూటో గ్రహ హోదా పోయిందని జనం బాధపడ్డారు గానీ, ఆ హోదాకు ఎసరు పెట్టింది ఇరవై ఎనిమిదేళ్ల ముందే ఆ బుడిపె.

తూకం, కాలం, వేగం, ఇవన్నీ సరే. ఆ బంట్లే స్వయంగా లోకాలని తెలిసింది మాత్రం మన జీవితకాలంలోనే. అంతకుముందు వాటిని గుంటలు పడ్డ చచ్చిన బండరాళ్లనుకునేవాళ్లు. అలా అనుకోనివాళ్లలో కావలూరు బృందం ఉంది. 1972 జూన్ 7న గానిమీడ్ ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు తమిళనాడులోని కావలూరులోనూ ఇండోనేషియాలోనూ గమనించి, ఆ నక్షత్రం ఒక్కసారిగా ఆరిపోలేదనీ, గానిమీడ్‌కు పల్చని వాతావరణం ఉండొచ్చనీ అన్నారు. వాయేజర్ నౌక వెళ్లి చూస్తే ఆ మాత్రం గాలి కూడా కనబడలేదు. తరవాత హబుల్ దుర్భిణి అతి పల్చని ఆక్సిజన్‌ను పట్టుకుంది. ఈ కావలూరు వేధశాలను నిలబెట్టిన వేణు బాప్పు హైదరాబాదులో పెరిగినవాడు, నిజాం కాలేజీ విద్యార్థి. తండ్రి బేగంపేటలోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. 1977లో యురేనస్ వలయాలు బయటపడ్డ రాత్రి కూడా కావలూరు దుర్భిణి అటే చూస్తోంది.

1979 మార్చి 2న స్టాంటన్ పీల్, ఇద్దరు సహచరులు ఒక చిన్న వ్యాసం అచ్చు వేశారు. ఒకపక్క బృహస్పతి, ఇంకోపక్క యూరోపా, గానిమీడ్ లాగుతుంటే అయో రొట్టెపిండిలా నలిగి లోపల కరిగి ఉండాలని. మూడు రోజులకు వాయేజర్ 1 అయోను దాటింది. మరి కొన్ని రోజులకు లిండా మొరబిటో అనే ఇంజనీరు, నౌక దారి సరిచూసుకోవడానికి తీసిన ఒక ఫోటోలో నక్షత్రాలు వెతుకుతూ, అయో అంచున గొడుగులా లేచిన మబ్బును చూసింది. మండుతున్న అగ్నిపర్వతం, భూమి కాని మరో చోట మొట్టమొదటిసారి. ఇంత సరైన సమయానికి జోస్యం ఫలించడం సైన్సులో అరుదు. పంచాంగంలో అయితే మరీనూ.

ఆ తరవాత ఒక్కొక్కటీ నోరు విప్పాయి. యూరోపా మంచు కింద సముద్రం. 1989లో వాయేజర్ 2 చూసిన ట్రైటన్ మీద, సున్నాకు 235 డిగ్రీలు దిగువన, ఎగజిమ్మే నైట్రోజన్ ధారలు. 2005 జనవరి 14న హైగెన్స్ శోధక నౌక టైటాన్ నేల మీద దిగితే చుట్టూ గుండ్రటి రాళ్లు, ఏటి ఒడ్డున ఉన్నట్టే. రాళ్లు మంచువి, వాటిని గుండ్రంగా దొర్లించిన ఏరు మీథేన్‌ది. అక్కడ వాన కురుస్తుంది, వాగులు పారతాయి, సరస్సులు నిండుతాయి, అన్నీ మీథేన్‌తోనే. పుష్కరం పెట్టుకోదగ్గ నదులున్న చోటు ఈ సౌరకుటుంబంలో భూమి కాకుండా అదొక్కటే.

అందరికంటే చిన్నది అందరికంటే పెద్ద ఆశ్చర్యం చూపింది. శని చుట్టూ తిరిగే ఎన్సెలాడస్‌ను 1789లో హెర్షెల్ చూశాడు. దాని అడ్డకొలత 504 కిలోమీటర్లు, హైదరాబాదు నుంచి విశాఖకు గాలిదారిలో ఉన్నంత. అంత చిన్నది ఎప్పుడో గడ్డకట్టి ఊరుకోవాల్సింది. 2005లో కాసిని నౌక వెళ్లి చూస్తే దక్షిణ ధ్రువం దగ్గర చీలికల్లోంచి నీటి ఆవిరి, మంచు రవ్వలు అంతరిక్షంలోకి చిమ్ముతున్నాయి. శని వలయాల్లో ఒకటి ఆ తుంపరతో తయారైందే. నౌక ఆ ధారల్లోంచే దూరి వెళ్లి రుచి చూసింది: ఉప్పు, సేంద్రియ అణువులు, హైడ్రోజన్. 2017 నాటికి ఇంధనం అడుగంటింది. అదుపు తప్పితే ఎప్పటికైనా వెళ్లి ఎన్సెలాడస్‌నో టైటాన్‌నో ఢీకొడుతుంది, భూమి నుంచి దానికి అంటుకుపోయిన సూక్ష్మజీవి ఏదైనా ఉంటే ఆ సముద్రంలో కలుస్తుంది. అందుకని సెప్టెంబరు 15న నౌకను శని వాతావరణంలోకి తోసి కాల్చేశారు. అంతకు పద్నాలుగేళ్ల ముందు గెలీలియో నౌకను యూరోపా కోసం బృహస్పతిలో ఇలాగే పడేశారు. బంట్లు మైలపడకుండా రాజుల మీద చెత్త వేశారన్నమాట. నాలుగు శతాబ్దాల్లో హోదాలు ఎంత మారాయో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

మన చంద్రుణ్ణి ఇందాకటి నుంచీ పక్కన పెట్టాను. పాపం, ఇంట్లోవాడు కదా. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్, పొడి అనుకున్న ఆ నేల మీద నీటి జాడ చూపింది. 2023 ఆగస్టు 23న మూడో చంద్రయాన్ దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలో దిగిన సాయంత్రం ఎలా గడిచిందో పాఠకులకు నేను చెప్పక్కర్లేదు. ఆయన ఏటా 3.8 సెంటీమీటర్లు మనకు దూరంగా జరుగుతున్నాడు. ఆ లెక్కన కావలసినంత గడువుంది.

ఇక లెక్క. గెలీలియోకు ముందు ఒకటి, 1610కి ఐదు. 2025 మార్చిలో ఒక్క శనికే మరో 128 కలిసి మొత్తం 274 అయ్యాయి. వీటిలో చాలామటుకు మన ఊరి కొండంతే ఉంటాయి, పేర్లు పెట్టే ఓపిక కూడా ఎవరికీ లేక అంకెలతోనే నెట్టుకొస్తున్నారు. పిల్లల చేత ఈ సంఖ్యను బట్టీ పట్టించే మాస్టార్లు దయచేసి మానెయ్యాలి, ప్రశ్నపత్రం అచ్చయ్యేలోపు అది మారిపోతుంది.

ప్రస్తుతం రెండు నౌకలు దారిలో ఉన్నాయి. 2024 అక్టోబరులో బయల్దేరిన యూరోపా క్లిప్పర్ 2030లో బృహస్పతిని చేరాలి. 2023 ఏప్రిల్‌లో యూరప్ పంపిన జ్యూస్ 2031లో చేరి, కొన్నేళ్లు అటూ ఇటూ తిరిగి, చివరికి గానిమీడ్ చుట్టూ స్థిరపడుతుంది. మన చంద్రుడు కాక ఇంకో చంద్రుడి చుట్టూ ఒక నౌక కక్ష్యలో తిరగడం అదే మొదలు. ఈలోగా ఆ బృహస్పతే 2027లో సింహరాశిలోకి వచ్చి గోదావరికి, మరుసటేడు కన్యలోకి వచ్చి కృష్ణకు పుష్కరాలు తెస్తాడు. జ్యూస్ గానిమీడ్ కక్ష్యలో దిగేది 2034 చివర్లో. ఆ ఏడు ఆయన మీనంలో ఉంటాడు, పుష్కరం ప్రాణహితది.